టెంటు కట్టుకుని మౌంటెన్ బైక్ మీద ఉదయగిరి నుంచి పామూరు దాకా: నా అనుభవం

జనవరి 24 నుంచి 26 దాకా, మూడు పగళ్ళు, రెండు రాత్రులు. నేనూ, మా బావా ఉదయగిరిలో బయల్దేరి సీతారామపురం, భైరవకోన మీదుగా పామూరు చేరాం. మీటరులో మొత్తం 118 కిలోమీటర్లు పడింది. అందులో తారు రోడ్డు ముప్పై లోపే, మిగతాదంతా గ్రావెల్, డొంకలు, పొలాల మధ్య బండ్ల బాటలు. దూరం పెద్దదేం కాదు. కానీ ఈ 118 కిలోమీటర్ల కోసం నేను నవంబరు నుంచి తయారవుతూ వచ్చాను. ఆ రెండున్నర నెలల్లో ఎక్కువ భాగం ఒక్క సంగతి మీదే పోయింది: సామాను సైకిల్ మీద ఎక్కడ పెట్టాలి, ఎట్టా కడితే ఊగకుండా ఉంటుంది అని. మా ఊళ్ళో ఆ సంగతి చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది 29 అంగుళాల చక్రాలు, ముందు మాత్రమే సస్పెన్షన్, రెండు వైపులా డిస్కు బ్రేకులు ఉన్న సైకిల్. 2023లో 24,000 పెట్టి కొన్నాను. ఆఫీసుకి వెళ్ళేముందు రోజూ పొద్దున నెల్లూరులో పెన్నా కట్ట మీద గంటసేపు తొక్కే అలవాటుంది. కాబట్టి తొక్కడం గురించి నాకు భయం లేదు. మీద ఇంకో పదిహేను కిలోలు ఎక్కితే అదే సైకిల్ వేరే సైకిల్ అయిపోతుందని మాత్రం ఊహించలేదు.

నవంబరు 10న టెంటు ఆర్డరు పెట్టాను. ఇద్దరు పట్టేది, బరువు 2 కిలోల 400 గ్రాములు, ధర 3,200. నాలుగు రోజుల్లో వచ్చింది. స్లీపింగ్ బ్యాగు 1,300, కింద పరుచుకునే ఫోమ్ చాప 350. ఇవి సులువుగానే దొరికాయి. చిక్కంతా క్యారియర్ దగ్గర వచ్చింది. 1,450 పెట్టి అల్యూమినియం క్యారియర్ తెప్పిస్తే, దాని ఎడమ కాలు సరిగ్గా వెనక డిస్కు బ్రేకు మీదకి వచ్చింది. బ్రేకు ఉంచుకోవాలా, క్యారియర్ ఉంచుకోవాలా అన్నట్టు తయారైంది. మా వీధి సైకిల్ మేస్త్రీ ఆ వైపు మామూలు బోల్టు తీసేసి పొడుగు బోల్టు వేశాడు. మధ్యలో రెండు సెంటీమీటర్ల ఇనుప గొట్టం ముక్క పెట్టి క్యారియర్ కాలుని బయటికి జరిపాడు. బ్రేకుకి తగలడం లేదు, పని అయిందనుకున్నాను. ఆ పొడుగు బోల్టే తర్వాత మమ్మల్ని దారిలో నిలబెట్టింది.

డిసెంబరు 22, ఆదివారం. మొదటిసారి మొత్తం సామాను కట్టి జొన్నవాడ దాకా వెళ్ళొద్దామని బయల్దేరాను. కాటా మీద పెడితే సామాను 19 కిలోలు. అంతా వెనకే. క్యారియర్‌కి రెండు వైపులా సంచులు, పైన టెంటు, దాని పైన స్లీపింగ్ బ్యాగు, ఆ పైన చాప. నైలాన్ తాడుతో గట్టిగానే కట్టాననుకున్నాను. వీధి దాటకముందే అర్థమైంది, నిలబడి తొక్కితే వెనక మూట ఎడమకి పోతుంది, నేను కుడికి పోతాను. చిన్న ఎత్తు వస్తే ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ మాట వినదు. తొక్కేటప్పుడు మడమ సంచికి తగులుతుంది. కట్ట దిగి ఇసక దారిలోకి వచ్చాక మూట ఒక్కసారి ఊగింది, అంతే, సైకిల్ నన్ను పక్కకి పడేసింది. మోచెయ్యి గీరుకుపోయింది. దెబ్బ పెద్దది కాదు గానీ ఆ ఇసకలో కూర్చుని చాలాసేపు లేవలేదు. నెలన్నరగా మనసులో పెట్టుకున్న ప్రయాణం ఇది నావల్ల అయ్యే పని కాదేమో అనిపించింది. నడిపించుకుంటూ, తొక్కుతూ వెనక్కి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

మర్నాడు మేస్త్రీ దగ్గరికి అదే మూటతో వెళ్ళాను, చూపిద్దామని. ఆయన ముట్టుకోకుండానే చెప్పాడు.

“పాలాయన సైకిలు ఎప్పుడన్నా చూసినావా సామీ? క్యాన్లు ఇరుసుకి అటొకటి ఇటొకటి దిగేస్తాడు. అంత పాలు పోసుకొని సందుల్లో తిరుగుతాడే, పడతాడా? నువ్వేమో సీటు కన్నా ఎత్తున మూట పెట్టినావు. అది ఊగక ఏం చేస్తాది?”

తర్వాత నైలాన్ తాడు విప్పి పక్కన పడేశాడు. పాత స్కూటర్ ట్యూబుని పొడుగ్గా రెండు వేళ్ళ వెడల్పున కోసి నాలుగు పట్టీలు ఇచ్చాడు. తాడు ఒకసారి వదులైతే వదులే, రబ్బరు అయితే మూట నలిగిన కొద్దీ లాక్కుంటానే ఉంటాది అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. ఈ రెండు మాటలకి, ఆ నాలుగు పట్టీలకి నేను ఆయనకి ఎంత రుణపడ్డానో దారిలో తెలిసింది.

అప్పటి నుంచి సామాను బరువుని బట్టి మూడు రకాలుగా విడదీశాను. బాగా బరువైనవి, అంటే నీళ్ళు, పనిముట్లు, పవర్ బ్యాంకు, తిండి, ఫ్రేము మధ్య ఉన్న త్రికోణంలోకి. ఓ మోస్తరు బరువున్న టెంటు, వెనక సంచుల్లో ఇరుసు దగ్గరగా. బరువు లేకుండా చోటు మాత్రమే తినేవి, అంటే స్లీపింగ్ బ్యాగు, స్వెట్టరు, హ్యాండిల్ ముందు. క్యారియర్ పైన ఫోమ్ చాప తప్ప ఏమీ లేదు.

ఫ్రేము మధ్యలో పట్టే సంచి బయట కొందామంటే కొలత కుదరలేదు. బైకులకి సీటు కవర్లు కుట్టే షాపుకి సైకిల్ తీసుకెళ్ళి, అట్ట ముక్క కోసి కొలత ఇచ్చాను. లారీ టార్పాలిన్ గుడ్డతో కుడతానన్నాడు, 650. మూడు రోజులన్నవాడు తొమ్మిది రోజులు తిప్పాడు. కానీ కుట్టిన పని బాగుంది. ఒక్క తప్పు నాది: వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు చెప్పాను, నిండాక అది ఉబ్బి మోకాళ్ళకి రాసుకుంది. మళ్ళీ వెళ్ళి ఆరుకి తగ్గించి లోపల రెండు అడ్డ కుట్లు వేయించాను. దానికి ఇంకో 100.

ముందు ఫోర్కుకి సీసాలు తగిలించడానికి బోల్టు రంధ్రాలు లేవు. సస్పెన్షన్ ఉన్న ఫోర్కులకి చాలావాటికి ఉండవు. హార్డ్‌వేర్ షాపులో గొట్టాలు బిగించే హోస్ క్లిప్పులు ఒక్కోటి 25 చొప్పున నాలుగు కొన్నాను. ఫోర్కు గీరుకుపోకుండా ట్యూబు ముక్క చుట్టి, అటొక లీటరు, ఇటొక లీటరు సీసా నిలబెట్టాను. క్లిప్పు ఫోర్కు కింది భాగానికే బిగించాలి. పైన మెరిసే కడ్డీకి బిగిస్తే సస్పెన్షన్ పాడవుతుంది.

హ్యాండిల్ మూట దగ్గర ఇంకో సంగతి బయటపడింది. ఇంట్లో నిలబెట్టి చూస్తే మూటకీ టైరుకీ మధ్య బెత్తెడు ఖాళీ కనిపించింది, చాలనుకున్నాను. మేస్త్రీ హ్యాండిల్ మీద బరువంతా వేసి ఒక్క నొక్కు నొక్కాడు. సస్పెన్షన్ పది సెంటీమీటర్లు దిగి మూట టైరుకి ఆనింది. దిగుడులో గుంత వస్తే చక్రం పట్టేసి ముందుకి ఎగిరి పడేవాణ్ణి. మూటని సన్నగా పొడుగ్గా చుట్టి, రెండు చివరలా పైకి లాగి కట్టాం. గేరు వైర్లు మూట కింద నలిగి గేర్లు వాటంతటవే మారుతున్నాయి కూడా. హ్యాండిల్‌కీ మూటకీ మధ్య ఫోమ్ గొట్టం ముక్కలు రెండు పెడితే సరిపోయింది.

జనవరి 5 ఆదివారం రాత్రి సంగం దగ్గర మా బాబాయి కళ్ళంలో టెంటు వేసి పడుకున్నాను. సోమవారం సెలవు పెట్టాను. దారి పొడుగునా కాలువ కట్ట, ఈసారి సైకిల్ నిలకడగా నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి మూట చూసుకోలేదు. ఆ ఆనందం ఇంత అని చెప్పలేను. రాత్రి మాత్రం నేర్చుకోవాల్సినవి చాలా మిగిలాయి. చలి పైనుంచి కాదు, నేల నుంచి వస్తుంది. చాప మందం చాలక నడుం పట్టేసింది. చలికి భయపడి టెంటు కిటికీలు మూసేశాను, నా ఊపిరి ఆవిరంతా లోపలి గుడ్డకి పట్టి తెల్లారి మొహం మీద చుక్కలు పడ్డాయి. బయట మంచుకి పై గుడ్డ ముద్దయింది. మడిచి కాటా మీద పెడితే 2 కిలోల 400 ఉన్న టెంటు 3 కిలోల 100 తూగింది! ఎండలో ఆరబెట్టుకోవడానికి గంట సమయం ప్రయాణంలో ఉంచుకోవాలని అప్పుడే రాసిపెట్టుకున్నాను.

ఆ రాత్రే పొయ్యి కూడా వద్దనుకున్నాను. చిన్న గ్యాస్ పొయ్యి, డబ్బా, గిన్నె కలిపి 1 కిలో 400. గాలికి మంట నిలవదు, గ్యాస్ డబ్బా అయిపోతే ఉదయగిరిలో దొరకదు. ఎండాకుల మధ్య మంట పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. దానికి బదులు అటుకులు, వేయించిన వేరుశనగపప్పు, బెల్లం, ఖర్జూరాలు, మొదటి రోజుకి ఇంట్లో చేసిన పులిహోర. చివరికి నా సామాను నాలుగు లీటర్ల నీళ్ళతో కలిపి పదమూడున్నర కిలోలకి వచ్చింది.

నీళ్ళ గురించి ఒక మాట. ఉదయగిరి, కనిగిరి వైపు భూమిలో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ ఊళ్ళలో కీళ్ళు బిగుసుకుపోయిన పెద్దవాళ్ళని చూస్తే గుండె తరుక్కుపోతుంది. మా బావ చిన్నప్పటి నుంచి చూస్తున్నవాడు కనుక బోరు నీళ్ళు తాగొద్దని ముందే గట్టిగా చెప్పాడు. దారిలో పెద్ద ఊళ్ళలో శుద్ధి చేసిన నీళ్ళ ప్లాంట్లు ఉన్నాయి, ఐదు రూపాయలకి సీసాలన్నీ నిండాయి. కాబట్టి ఎన్ని లీటర్లు మోయాలన్నది ఎండని బట్టి కాదు, ప్లాంటుకీ ప్లాంటుకీ మధ్య దూరాన్ని బట్టి లెక్క వేసుకున్నాం.

బావ అంటే మా మేనత్త కొడుకు, పామూరులో ఉంటాడు. సంక్రాంతికి నా సైకిల్ చూసి నేనూ వస్తానన్నాడు. కొత్త మౌంటెన్ బైక్ ఉంది గానీ క్యారియర్ లేదు. “ఎందుకు బావా ఇన్ని కట్లు, నేను బ్యాగు వీపున వేసుకుంటా” అన్నాడు. సరే అన్నాను. టెంటు ఇద్దరిదీ కాబట్టి లోపలి గుడ్డ, కడ్డీలు నేను, పై గుడ్డ అతను పంచుకున్నాం.

జనవరి 24, శుక్రవారం. నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. ఆ ముక్క తొక్కే ఉద్దేశం నాకు లేదు. తెల్లవారుజామున మార్కెట్లో కూరగాయలు దించి ఖాళీగా పోయే బొలేరో ఒకటి ముందు రోజే మాట్లాడుకున్నాను, 400. మూడు నలభైకి ఎక్కితే ఆరుంబావుకి ఉదయగిరిలో దింపాడు. వెనక చలిగాలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. బావ ముందు రోజు సాయంత్రమే వచ్చి ఉన్నాడు. వేడి వేడి కారం దోశ తిన్నాక ప్రాణం వచ్చింది. ఉదయగిరిలో చెక్కతో చేసే గరిటెలు, స్పూన్లు పేరుపడ్డవి. చెరో స్పూను కొని మా స్టీలు స్పూన్లు ఆ హోటల్లోనే ఇచ్చేశాం.

ఏడున్నరకి బయల్దేరాం. దుర్గం కొండ మీద ఎండ పడుతోంది, కింద ఊరంతా ఇంకా నీడలోనే ఉంది. టైర్లలో గాలి ముందు 28, వెనక 34 పెట్టాను. రోజూ 40 పెట్టేవాణ్ణి, కానీ గ్రావెల్ మీద అంత గాలి ఉంటే చక్రం రాయి మీద నుంచి రాయి మీదకి ఎగురుతుంది, బరువుంటే మరీను. బరువు ఉన్నప్పుడు మరీ తగ్గించినా రిమ్ము రాయికి కొట్టుకుని ట్యూబు నలుగుతుంది.

సీతారామపురం వైపు వెళ్తుంటే వెలిగొండలు ఎడమ చేతి పక్కనే నడుస్తాయి. ట్రాక్టర్లు తిరిగి దారి అలలు అలలుగా అయింది. గంటకి తొమ్మిది కిలోమీటర్లు రావడమే కష్టం. ప్రతి గంటకి ఒకసారి ఆగి బోల్టులన్నీ చేత్తో తిప్పి చూశాను. వదులు కాకుండా బోల్టు తలల మీద మా అమ్మాయి గోళ్ళ రంగు పూసి ఉంచాను. రంగు పగిలితే కదిలిందని తెలిసిపోతుంది. పదకొండు గంటలకి బావ ఆగిపోయాడు. భుజాలు కోసుకుపోతున్నాయి, అంతకన్నా సీటు మీద కూర్చోలేకపోతున్నాడు. వీపున ఆరు కిలోలుంటే అది మొత్తం సీటు మీదకే దిగుతుంది కదా. నా క్యారియర్ మీద చాప పక్కన అతని బ్యాగు పడుకోబెట్టి ట్యూబు పట్టీతో బిగించాం. వెనక్కి బరువు పెరిగినట్టు వెంటనే తెలిసింది గానీ బావ మొహం చూశాక ఇంకేం అనలేదు.

గొర్రెల మందల దగ్గర కుక్కలు వెంటపడ్డాయి. బరువున్న సైకిల్ మీద వాటిని దాటి పోలేం. దిగి, సైకిల్ అడ్డం పెట్టుకుని నడిస్తే ఊరుకున్నాయి. కాపరి పెద్దాయన “యాడికి పోతుండారు నాయనా మూటలేసుకొని?” అని అడిగి, చెప్పింది విని, ఒక మాట అన్నాడు. వాగులో ఇసక మెత్తగా ఉందని పడుకోవద్దు, ఎలుగులు నీళ్ళకి ఆ దారినే వస్తాయి అని. ఆ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయని నాకు తెలుసు, కానీ ఆయన నోట విన్నాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

మూడు గంటలప్పుడు అటవీ శాఖ సిబ్బంది ఇద్దరు ఆపారు. ఎర్రచందనం ఉన్న కొండలు కాబట్టి కొత్తవాళ్ళు సంచులతో కనిపిస్తే ఆపడం వాళ్ళ పని. సంచులన్నీ విప్పించారు, ఆధార్ కార్డులు చూశారు. పాతిక నిమిషాలు పట్టింది. చిన్న గొడ్డలి తెచ్చుకుందామా అని ఒక దశలో అనుకుని మానేశాను, ఎంత మేలు జరిగిందో అప్పుడు అర్థమైంది. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా టెంటు వేయకూడదు, గుడి ఆవరణలో అడిగి వేసుకోండి అని చెప్పి పంపారు. మేం అనుకున్నదీ అదే.

అనుకోనిది చీకటి. కొండలు పడమర వైపు ఉన్నాయి కదా, సూర్యుడు అస్తమించడానికి చాలా ముందే కొండ వెనక్కి వెళ్ళిపోయాడు. ఐదుంబావుకే నీడ కమ్మింది, చలి మొదలైంది. ఘటిక సిద్ధేశ్వరం చేరేసరికి లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. అక్కడి కాశినాయన ఆశ్రమంలో వచ్చినవాళ్ళకి అన్నం పెడతారు. అడగకుండానే చేతులు కడుక్కోమని విస్తరి వేశారు. పప్పు, చారు, మజ్జిగ. ఆ రోజు ఆ అన్నం తిన్నప్పుడు నాకు కళ్ళు తడిశాయి. ఆవరణలో ఒక మూల టెంటు వేసుకోమన్నారు. అమావాస్య దగ్గరలో ఉంది, ఆకాశం నిండా చుక్కలు. ఆ రోజు 38 కిలోమీటర్లు.

శనివారం తెల్లారి టెంటు తడిసే ఉంది, ఈసారి కిటికీలు తెరిచి పడుకున్నా. ఆరబెట్టడానికి ఎండ కొండ మీద నుంచి కాదు, తూర్పు నుంచే వస్తుంది కాబట్టి త్వరగా తగిలింది. ఎనిమిదింటికి బయల్దేరాం.

పదిన్నరకి జరిగింది ఆ బోల్టు సంగతి. దిగుడులో టప్ మని చప్పుడు, క్యారియర్ ఎడమ పక్కకి వాలి సంచి చక్రం పుల్లలకి రాసుకుంది. దిగి చూస్తే పొడుగు బోల్టు తల ఊడి పడిపోయింది, మిగతా ముక్క ఫ్రేము లోపలే ఉండిపోయింది. గొట్టం ముక్క పెట్టి బయటికి జరిపిన చోటే విరిగింది. రంగు పగల్లేదు, వదులు కాలేదు. బరువు బోల్టు చివర మీద పడి, ప్రతి గుంతకీ కొంచెం కొంచెం వంగి అలిసిపోయింది. బావ బ్యాగు కూడా దాని మీదే ఉంది మరి. చుట్టూ చిల్లకంప తప్ప ఏమీ లేదు, ఫోనుకి సిగ్నల్ లేదు. గొంతు ఎండిపోయింది. ఇద్దరం చెరో ఆలోచన చెప్పుకుంటూ అరగంట గడిపాం, చివరికి సామానంతా దింపి రెండు కిలోమీటర్లు నడిపించాం. అక్కడ ఒక ఇల్లు కడుతున్నారు. ఇనుప కమ్మీలు కట్టే బైండింగ్ వైరు మూర పొడుగు అడిగితే చుట్టలో సగం ఇచ్చేశాడు ఆ మేస్త్రీ. ఫోర్కు మీద సీసా ఒకటి తీసేసి ఆ హోస్ క్లిప్పులు రెండూ క్యారియర్ కాలుకీ ఫ్రేముకీ వేసి, మీద వైరు మెలిపెట్టి బిగించాం. మొత్తం గంటా నలభై నిమిషాలు. అది పామూరు దాకా కదల్లేదు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా నా సంచిలో రెండు క్లిప్పులు, రెండు మూరల బైండింగ్ వైరు ఉంటాయి.

పంక్చర్లు ఆ ఒక్కరోజే నాలుగు. పల్లేరుకాయలు. ఒక్క కాయ అనుకుంటే టైరులో పదకొండు దొరికాయి. కాయ తీసేసి ట్యూబు అతికించి ఎక్కిస్తే మళ్ళీ దిగిపోయింది, ఎందుకంటే ముల్లు కొన టైరు లోపల మిగిలిపోయింది. వేలికి గుడ్డ చుట్టుకుని టైరు లోపలంతా తడిమి చూడందే ట్యూబు ఎక్కించకూడదు. పంక్చర్ రంధ్రాన్ని తనే పూడ్చేలా ట్యూబుల్లో పోసే సీలెంట్ నేను వేయలేదు, 400 మిగిల్చుకున్నాను. మళ్ళీ వెళ్తే ముందు కొనేది అదే.

భైరవకోన చేరేసరికి మూడయింది. కొండ రాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కన జలపాతం. జనవరి కాబట్టి ధార సన్నగా ఉంది, అయినా ఆ చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుంటే పొద్దుటి టెన్షన్ మొత్తం దిగిపోయింది. అక్కడే ఉండిపోదామనిపించింది. కానీ శనివారం, జనం ఎక్కువ ఉన్నారు. సి.ఎస్. పురం (చంద్రశేఖరపురం) దారిలో ముందుకి కదిలాం.

రాత్రి పడక ఎక్కడా అని వెతుక్కునే పని లేకుండా పోయింది. పొగాకు బ్యారన్, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే గది, దాని దగ్గర పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్న రైతు మమ్మల్ని చూసి తనే పిలిచాడు. ఆకు ఆరుతున్నన్నాళ్ళూ వేడి తగ్గకూడదు కాబట్టి రాత్రంతా ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. “మాకూ తోడుంటది, ఈ గోడ వారన వేసుకోండి” అన్నాడు. బ్యారన్ గోడ వెచ్చగా ఉంది. పచ్చి పొగాకు మగ్గుతున్న వాసన మొదట తల తిప్పింది, తర్వాత అలవాటైంది. ఆ వెచ్చదనానికి టెంటు మీద మంచు పట్టలేదు, సంగంతో కలిపి టెంటులో పడుకున్న మూడు రాత్రుల్లో ఒంటికి నిద్ర పట్టింది ఆ రాత్రే. వాళ్ళింట్లో నుంచి సంగటి, చింతకాయ పచ్చడి వచ్చింది. డబ్బులివ్వబోతే ఆ పెద్దాయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. పొద్దున మా దగ్గరున్న ఖర్జూరాలు వాళ్ళ మనవడి చేతిలో పెట్టాం.

ఆదివారం 26. ఊళ్ళలో బడుల ముందు జెండాలు ఎగరేస్తున్నారు. ఒక బడి దగ్గర మాస్టారు మమ్మల్ని లోపలికి పిలిచి పిల్లలతో పాటు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లలకి జెండా కన్నా మా మూటలే వింత. టెంటు ఎట్టా నిలబడుతుందో చూపించమని అడిగితే పావుగంటలో వేసి చూపించాం, పదిమంది లోపల దూరారు. దాన్ని మళ్ళీ మడిచి కట్టేసరికి ముప్పావుగంట పోయింది, కానీ ఆ ముప్పావుగంటని నేను ఖర్చులో రాసుకోను. తర్వాత అడ్డదారని కంది చేలో పడ్డాం. కోసిన కంది మోళ్ళు నేల మీద బెత్తెడు నిలబడి ఉంటాయి, కత్తుల్లాగా. అక్కడ తొక్కలేదు, ఎత్తుకుని నడిచాం. పదమూడు కిలోల మూటతో సైకిల్ ఎత్తడం ఎంత కష్టమో, తేలిగ్గా విప్పి మళ్ళీ కట్టగలిగేలా కట్టుకోవడం ఎంత అవసరమో ఆ అరకిలోమీటరు చెప్పింది. మధ్యాహ్నం ఒకటీ నలభైకి పామూరులో అత్త వాళ్ళ ఇంటి ముందు దిగాం. అత్త మా మొహాల మీద ఎర్రదుమ్ము చూసి ముందు మంచినీళ్ళివ్వలేదు, బిందెడు నీళ్ళు పోసింది.

దారి ఖర్చు నాకు మూడు రోజులకీ తిరుగు ప్రయాణంతో కలిపి 1,370. సామానుకి అయింది 7,950, సైకిల్ కాకుండా. తీసుకెళ్ళి వాడనివి: రెండో ప్యాంటు, పెద్ద టార్చి, దుప్పటి. కావాలనిపించి లేనివి: సీలెంట్, ఇంకో మందపాటి చాప, దోమల మందు.

ఫ్రేములో ఇరుక్కున్న బోల్టు ముక్క తీయించడానికి ఫిబ్రవరి 3న లేతు షాపుకి తీసుకెళ్ళాను. సన్న డ్రిల్లుతో తొలిచి తీశాడు, 150, రెండు గంటలు కూర్చోబెట్టాడు. ఈసారి గొట్టం ముక్క వేయలేదు. క్యారియర్ కాలునే వేడి చేసి కాస్త వంచి బ్రేకు పక్క నుంచి తప్పించాడు, కురచ బోల్టే సరిపోయింది. ఇంటికి వచ్చాక దాని తల మీద మా అమ్మాయి మళ్ళీ ఎర్ర రంగు పూసింది.